రిపోర్టులన్నీ నార్మల్, రక్తం మాత్రం ఆగదు: ఫ్యాక్టర్ 13 లోపంతో మా అనుభవం

మా పాపకి పుట్టుకతోనే ఫ్యాక్టర్ 13 లేదు. ఫ్యాక్టర్లంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లు, వాటికి అంకెలతో పేర్లు. రక్తం గడ్డకట్టని జబ్బు అనగానే చాలామందికి హీమోఫీలియా ఒక్కటే గుర్తొస్తుంది. వెంటనే "అది మగపిల్లలకి కదా వచ్చేది" అంటారు. హీమోఫీలియా ఎ అంటే ఫ్యాక్టర్ 8 లోపం, బి అంటే ఫ్యాక్టర్ 9 లోపం. ఆ రెండు జన్యువులూ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి తల్లి నుంచి కొడుకుకి దిగుతాయి. ఫ్యాక్టర్ 13 సంగతి వేరు. దాని ముఖ్యమైన జన్యువు ఆరో క్రోమోజోమ్ మీద ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడినవే అందితే ఆడా మగా తేడా లేకుండా జబ్బు వస్తుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు 20 లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మేనరికాలు నడిచే మన ఇళ్లలో ఆ అంచనాని చూసి ధీమాగా ఉండటానికి లేదు.

అసలు చిక్కు ఏమిటంటే, మామూలుగా రాసే రక్తపరీక్షలు ఏవీ దీన్ని పట్టుకోలేవు. అన్నీ నార్మల్ అని వస్తాయి, అయినా రక్తం ఊరుతూనే ఉంటుంది. పరీక్షలు ఏ వరసలో జరగాలి, ఎక్కడ దారి తప్పుతాయి, జబ్బు తేలాక నెలనెలా ఏం చేయాలి అన్నవి ఇక్కడ రాస్తున్నాను. హీమోఫీలియా, వాన్ విల్లెబ్రాండ్, గ్లాంజ్‌మన్ జబ్బులున్న ఇళ్లవాళ్లకీ ఇందులో చాలావరకు పనికొస్తుంది. మోతాదులు మాత్రం మీ హెమటాలజీ డాక్టరు చెప్పినవే ఖాయం. నేను రాసే అంకెలు వాళ్లతో మాట్లాడేటప్పుడు అర్థం కావడానికి.

బొడ్డు దగ్గర మొదలు

బొడ్డు ఊడేటప్పుడు ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపించడం మామూలే. గుడ్డకి అంటుకుని ఆగిపోతుంది. ఫ్యాక్టర్ 13 లేని బిడ్డకి అలా కాదు. ఆగినట్టే ఆగి, కొన్ని గంటలకో మర్నాటికో మళ్లీ చెమ్మ మొదలవుతుంది. ధార కట్టదు, ఊరుతుంది. గుడ్డలు మారుస్తూ పోతే ఎంత పోయిందో తెలియదు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి పావు లీటరే. ఈ లోపం బాగా తీవ్రంగా ఉన్న పిల్లల్లో నూటికి ఎనభై మందికి మొదటి సూచన ఈ బొడ్డు రక్తమే.

మళ్లీ దారం కట్టి చూస్తారు, కుట్టు వేసి చూస్తారు. నాళం తెరుచుకుని కారుతుంటే కుట్టుతో ఆగాలి. కుట్టు వేసిన సూది బెజ్జాల్లోంచి కూడా ఊరుతోందంటే తప్పు నాళంలో లేదు, గడ్డలో ఉంది. ఈ తేడా గమనించి డాక్టరుకి చెప్పడం తల్లిదండ్రులు చేయగల పని. పసుపు, బూడిద, ఆకుపసరు అద్దమని చెప్పేవాళ్లు చుట్టూ ఉంటారు. వాటితో బొడ్డు చీము పట్టడం తప్ప ఒరిగేది లేదు. పైగా చీము కనిపిస్తే రక్తం దాని వల్లే వస్తోందనుకుని అసలు వెతుకులాట ఆగిపోతుంది.

పసిబిడ్డకి రక్తం ఆగకపోతే ముందు విటమిన్ కె లోపం, ఒంట్లో ఇన్ఫెక్షన్, ప్లేట్‌లెట్లు పడిపోవడం చూస్తారు. అలా చూడటం సబబే, అవే ఎక్కువ. పుట్టగానే 1 మిల్లీగ్రాము విటమిన్ కె సూది వేశారో లేదో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, అది వెంట పట్టుకెళ్లాలి. విటమిన్ కె లోపమైతే పి.టి. (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష) పెరిగి ఉంటుంది, సూది వేసిన కొన్ని గంటల్లో దిగుతుంది. పి.టి. ముందునుంచీ నార్మల్‌గానే ఉంటే మళ్లీ మళ్లీ విటమిన్ కె వేయడంలో అర్థం లేదు.

ఏ పరీక్ష ఏం చూస్తుంది

దెబ్బ తగిలిన చోట ముందు ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి. వాటిని నాళం గోడకి పట్టి ఉంచేది వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్. ఆ తర్వాత ఫ్యాక్టర్లు ఒకదాన్నొకటి మేల్కొలిపి, చివరికి త్రాంబిన్ తయారై, ఫైబ్రినోజెన్‌ని ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. గడ్డ కట్టినట్టు కంటికి కనిపించేది అప్పుడే. ఫ్యాక్టర్ 13 పని అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ దారాల మధ్య అడ్డబంధాలు వేసి బిగిస్తుంది, గడ్డని కరిగించే రసాయనాలకి లొంగకుండా చేస్తుంది. గుంజలు పాతి, వాసాలు వేసి, తాళ్లతో కట్టకుండా వదిలేసిన పందిరి చూడటానికి పందిరిలాగే ఉంటుంది, గాలి వీచేదాకా. మా పాప గడ్డ అలాంటిది. దెబ్బ తగిలిన 12 నుంచి 36 గంటల తర్వాత రక్తం మళ్లీ రావడానికి, పుండ్లు త్వరగా మానకపోవడానికి కారణం ఇదే.

పి.టి., ఎ.పి.టి.టి. పరీక్షల్లో గడ్డ కనిపించిన క్షణాన గడియారం ఆగిపోతుంది. దాని తర్వాత జరిగేది ఆ పరీక్షలకి అక్కర్లేదు. అందుకే ఫ్యాక్టర్ 13 సున్నా ఉన్నా రెండూ నార్మల్ వస్తాయి. ప్లేట్‌లెట్ల లెక్కా నార్మలే. ఇక ఆపరేషన్ ముందు మన దగ్గర ఇంకా రాస్తున్న బి.టి. (బ్లీడింగ్ టైమ్), సి.టి. (క్లాటింగ్ టైమ్) గురించి నా అభిప్రాయం దాచుకోను: రక్తస్రావ జబ్బు ఉందా లేదా తేల్చడానికి ఆ కాగితం ఏమాత్రం ఆధారం కాదు. గాజు పలక మీద చుక్క వేసి సూదితో లాగే సి.టి. తీవ్రమైన హీమోఫీలియా ఉంటే తప్ప పెద్దగా తేడా చూపించదు.

రిపోర్టు చేతికొచ్చాక చదివే పద్ధతి ఇది. ఎ.పి.టి.టి. ఒక్కటే పెరిగితే 8, 9, 11 ఫ్యాక్టర్లలో ఏదో ఒకటి తక్కువ, లేదా వాన్ విల్లెబ్రాండ్ జబ్బు. 12 తక్కువైనా ఎ.పి.టి.టి. బాగా పెరుగుతుంది కానీ దానివల్ల రక్తం కారదు. పి.టి. ఒక్కటే పెరిగితే 7. రెండూ పెరిగితే 10, 5, 2, లేదా విటమిన్ కె, లివర్ సంగతి. వాటితో పాటు త్రాంబిన్ టైమ్ కూడా పెరిగితే ఫైబ్రినోజెన్. ఫైబ్రినోజెన్ అసలే లేని పిల్లలకీ బొడ్డు దగ్గరే మొదలవుతుంది, కానీ వాళ్ల రిపోర్టులో అన్ని పరీక్షలూ గడ్డే కట్టలేదని చూపిస్తాయి కాబట్టి తొందరగా దొరికిపోతుంది. ఎ.పి.టి.టి. పెరిగినప్పుడు బిడ్డ ప్లాస్మా, ఆరోగ్యవంతుల ప్లాస్మా సగం సగం కలిపి మళ్లీ చేస్తారు. సరైపోతే ఫ్యాక్టర్ తక్కువని, సరికాకపోతే ఫ్యాక్టర్‌ని అడ్డుకునే ఇన్‌హిబిటర్ ఉందని. ఫ్యాక్టర్ 8ని అడ్డుకునే ఇన్‌హిబిటర్‌కి పని చేయడానికి సమయం పడుతుంది, అందుకే కలిపిన ప్లాస్మాని 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి కూడా చూడాలి. ఆ రెండో అంకె రిపోర్టులో లేకపోతే అడగండి. ఇంకొకటి: ఫ్యాక్టర్ 9 పసిబిడ్డల్లో సహజంగానే తక్కువ. తేలికపాటి హీమోఫీలియా బి అనిపిస్తే ఆరు నెలల వయసు దాటాక మళ్లీ చూస్తేనే ఖాయం చేయగలరు. 8కి ఆ ఇబ్బంది లేదు, పుట్టిన రోజే చూడొచ్చు.

అన్నీ నార్మల్ అయినా రక్తం ఆగకపోతే మిగిలే జాబితా చిన్నది. ఫ్యాక్టర్ 13 లోపం. ప్లేట్‌లెట్లు లెక్కకి సరిపడా ఉన్నా ఒకదానికొకటి అతుక్కోని గ్లాంజ్‌మన్ త్రాంబాస్థీనియా. ఇదీ మేనరికం ఇళ్లలో కనిపించేదే. తేలికపాటి వాన్ విల్లెబ్రాండ్. గడ్డని త్వరగా కరిగిపోనివ్వకుండా ఆపే ఆల్ఫా 2 యాంటీప్లాస్మిన్ లోపం. "అన్నీ నార్మల్, ఏం లేదు, ఇంటికెళ్లండి" అనడం ఈ జాబితా చూశాకే అనాల్సిన మాట. గ్లాంజ్‌మన్‌కి ప్లేట్‌లెట్ అగ్రిగేషన్, ఫ్లో సైటోమెట్రీ చేస్తారు. అందులో ఎక్కువగా కనిపించేవి చర్మం మీద ఎర్ర చుక్కలు, ముక్కు, చిగుళ్ల రక్తం. బొడ్డు రక్తం, తలలో రక్తం, ఆలస్యంగా మొదలయ్యే రక్తం కనిపిస్తే 13 వైపు చూడాలి.

ప్లాస్మా ఎక్కించే ముందు నీలం మూత ట్యూబు

ఈ వ్యాసంలో ఒక్క పేరాయే చదువుతామంటే ఇది చదవండి. రక్తం ఆగని బిడ్డకి ఆస్పత్రిలో మొదట ఎక్కించేది ప్లాస్మా. అది ఎక్కిస్తే రక్తం ఆగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత ఫ్యాక్టర్ 13 పరీక్షకి రక్తం తీస్తే నార్మల్ వస్తుంది, ఎందుకంటే ఆ ట్యూబులో ఉన్నది దాత ఫ్యాక్టర్. ఫ్యాక్టర్ 13 సగకాలం, అంటే ఎక్కించినది ఒంట్లో సగానికి తగ్గడానికి పట్టే సమయం, 9 నుంచి 14 రోజులు. అంటే వారాల తరబడి ఆ పరీక్ష అబద్ధం చెబుతూనే ఉంటుంది. మా విషయంలో ఒక ఆస్పత్రిలో ఇదే జరిగి, 13 కాదని కాగితం మీద రాసేశారు. ఆ ఒక్క గీత వల్ల అందరూ వేరే జబ్బుల కోసం వెతుకుతూ పోయారు.

ప్రాణం మీదికొచ్చినప్పుడు ప్లాస్మా ఆపమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. ఎక్కించే సూది పెట్టినప్పుడే ముందు రెండు నీలం మూత ట్యూబుల్లో రక్తం తీసి పక్కన పెట్టించండి చాలు. లాబ్‌లో ప్లాస్మా వేరు చేసి ఫ్రీజ్ చేసి దాచితే తర్వాత ఎక్కడికైనా పంపొచ్చు. అప్పటికే ఎక్కించేసి ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్లీ తీయాలి. ఆ మధ్యకాలం బిడ్డకి క్షేమం కాదు కాబట్టి డాక్టర్లు ఇంకో దారి వాడతారు: తల్లిదండ్రులిద్దరి ఫ్యాక్టర్ 13 చూస్తారు. ఇద్దరికీ సగం దగ్గర వస్తే అనుమానం గట్టిపడుతుంది. జన్యుపరీక్షకైతే ప్లాస్మా ఎక్కించినా అడ్డు లేదు.

ట్యూబు సంగతి. అందులో 3.2 శాతం సోడియం సిట్రేట్ ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. 0.3 మి.లీ. సిట్రేట్ ఉన్న ట్యూబులో గీత దాకా 2.7 మి.లీ. రక్తం పడాలి. పసిబిడ్డ నరం దొరకక సగమే నింపితే సిట్రేట్ ఎక్కువై పి.టి., ఎ.పి.టి.టి. లేనిపోని పెరుగుదల చూపిస్తాయి. పిల్లల కోసం చిన్న ట్యూబులు ఉంటాయి, అవి అడగాలి. హెపారిన్‌తో కడిగిన లైనులోంచి తీయకూడదు. తీశాక నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. చిన్న గడ్డ కనిపించినా ఆ ట్యూబు పనికిరాదు. ఐస్‌లో పెట్టి పంపడం కూడా తప్పే. చల్లదనానికి ఫ్యాక్టర్ 8, వాన్ విల్లెబ్రాండ్ తగ్గిపోయి లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. మామూలు గది వేడిలోనే నాలుగు గంటల్లోపు లాబ్‌కి చేరాలి, లేదా ప్లాస్మా వేరు చేసి ఫ్రీజ్ చేయాలి.

యూరియాలో గడ్డ

ఫ్యాక్టర్ 13 మొదటి పరీక్ష పాతది, చవక, పెద్ద యంత్రం అక్కర్లేదు. బిడ్డ ప్లాస్మాలో అంతే కాల్షియం క్లోరైడ్ ద్రావణం పోసి 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే గడ్డ కడుతుంది. ఆ గడ్డని ట్యూబు గోడ నుంచి విడదీసి 5 మోలార్ యూరియాలో, లేదా 1 శాతం మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లంలో వేస్తారు. ఆరోగ్యవంతుల గడ్డ 24 గంటలైనా అలాగే ఉంటుంది. ఫ్యాక్టర్ 13 లేని గడ్డ నిమిషాల్లోనో, ఒకటి రెండు గంటల్లోనో కరిగిపోతుంది. పక్కన ఆరోగ్యవంతుల ప్లాస్మాతో ఇంకో ట్యూబు తప్పక పెట్టాలి.

ఇందులో తప్పే చోట్లు మూడు. ఫైబ్రినోజెన్ తక్కువున్న వాళ్ల గడ్డ మొదటే నాసిగా ఉంటుంది, కరిగితే 13 అని పొరబడతారు. కాబట్టి ఫైబ్రినోజెన్ అంకె ముందే చేతిలో ఉండాలి. రెండోది, ఈ పరీక్ష బాగా తక్కువున్న వాళ్లనే పట్టుకుంటుంది. కొద్దిపాటి ఫ్యాక్టర్ ఉన్నా గడ్డ కరగదు. అందుకే 10, 15 శాతం ఉన్నవాళ్లు తప్పించుకుంటారు, ప్లాస్మా ఎక్కించినవాళ్లూ తప్పించుకుంటారు. మూడోది, పుట్టుకతో వచ్చినదా, తర్వాత పుట్టిన ఇన్‌హిబిటర్ వల్లా అన్నది ఈ పరీక్ష చెప్పదు. పసిబిడ్డల్లో రెండోది దాదాపు ఉండదు గానీ, పెద్దవయసులో కొత్తగా మొదలైతే అది చూడాలి.

కరిగిందని తేలాక ఎంత శాతం ఉందో కొలిచే పరీక్ష చేయించాలి. అమ్మోనియా విడుదలని కొలిచే పద్ధతి ఎక్కువ చోట్ల ఉంది. ఫ్యాక్టర్ 13తో సంబంధం లేకుండా కూడా ప్లాస్మాలో కొంత అమ్మోనియా వస్తుంది. దాన్ని (లాబ్ భాషలో బ్లాంక్) వేరే ట్యూబులో కొలిచి తీసేయకపోతే సున్నా ఉన్నవాళ్లకి కూడా 5, 10 శాతం ఉన్నట్టు పడుతుంది. "బ్లాంక్ తీసేశారా" అని లాబ్‌ని అడగడానికి మొహమాటపడకండి. ఇలాంటి పరీక్షలకి నమూనాలు వెల్లూరు సి.ఎం.సి.కి, ముంబైలోని జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థ లాంటి చోట్లకి వెళ్తుంటాయి. ఫ్యాక్టర్ 13లో ఎ, బి అని రెండు భాగాలుంటాయి. తీవ్రమైన జబ్బు దాదాపు ఎప్పుడూ ఎ భాగం లోపమే, ఎఫ్13ఎ1 జన్యువులో తేడా. ఆ తేడా ఏమిటో ఒకసారి తేల్చి కాగితం దాచుకుంటే తర్వాతి కాన్పుకి, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలకి అదే ఆధారం.

నాలుగు వారాలకోసారి

ఈ జబ్బులో అదృష్టం అనదగ్గది ఒక్కటే: సగకాలం చాలా ఎక్కువ. ఫ్యాక్టర్ 8 అయితే 8 నుంచి 12 గంటల్లో సగమైపోతుంది, వాళ్లు వారానికి రెండు మూడుసార్లు సూది వేసుకోవాలి. మాకు నాలుగు వారాలకోసారి సరిపోతుంది. కాస్త ఫ్యాక్టర్ మిగిలి ఉన్నా చాలు, వచ్చే మోతాదు ముందు 5 నుంచి 20 శాతం మధ్య ఉంటే తలలో రక్తస్రావం లాంటివి చాలావరకు రావు. మోతాదు మానేస్తే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. నివారణ చికిత్స లేని తీవ్ర లోపంలో సుమారు మూడోవంతు మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తలలో రక్తస్రావం అవుతుంది. ఇంత ఎక్కువ ఇంకే ఫ్యాక్టర్ లోపంలోనూ ఉండదు. అందుకే జబ్బు తేలిన రోజు నుంచే, రక్తం కారుతున్నా కారకపోయినా, నెలనెలా ఎక్కిస్తారు.

ఏం ఎక్కించాలి? అమెరికాలో 2011లో కోరిఫ్యాక్ట్ అనే ప్లాస్మా నుంచి తీసిన ఫ్యాక్టర్ 13కి, 2013లో ట్రెటెన్ అనే రీకాంబినెంట్ (దాత ప్లాస్మా నుంచి కాకుండా జన్యు పద్ధతిలో తయారుచేసిన) మందుకి అనుమతి వచ్చింది. మొదటిది కిలోకి 40 యూనిట్లతో మొదలుపెడతారు, రెండోది కిలోకి 35, అదీ ఎ భాగం లోపానికే. అక్కడున్న మన తెలుగు కుటుంబాలకి ఇవి అందుతాయి. ఇక్కడ ఎక్కువమందికి ఆధారం క్రయోప్రెసిపిటేట్, అందరూ పిలిచే పేరు క్రయో. ప్లాస్మాని ఫ్రీజ్ చేసి 4 డిగ్రీల దగ్గర మెల్లగా కరిగిస్తే అడుగున మిగిలేది. అందులో 8, వాన్ విల్లెబ్రాండ్, ఫైబ్రినోజెన్, 13 ఉంటాయి. ఫ్యాక్టర్ 9 ఉండదు, హీమోఫీలియా బి వాళ్లకి ఇది ఎక్కించి ప్రయోజనం లేదు. 10 నుంచి 20 కిలోల బరువుకి ఒక సంచి లెక్కన, మూడు నాలుగు వారాలకోసారి. సంచిలో ఉండేది 15, 20 మి.లీ. మాత్రమే. క్రయో దొరకని రోజు ప్లాస్మా కిలోకి 10 మి.లీ. చొప్పున ఇవ్వొచ్చు. పసిబిడ్డకి ఆ నీరు ఎక్కువవుతుంది కాబట్టి మెల్లగా ఎక్కించాలి.

బ్లడ్ బ్యాంకు దగ్గర రెండు పొరపాట్లు ఎక్కువ. ఒకటి, "ఫ్యాక్టర్ ఉంది, రండి" అని ఫోన్లో చెబుతారు, వెళ్తే అది ఫ్యాక్టర్ 8 సీసా. మనకి పనికిరాదు. ఫోన్లోనే "పదమూడు, క్రయో" అని అడగాలి. రెండోది క్రయో తీసేశాక మిగిలిన ప్లాస్మా. సంచి చూడటానికి అలాగే ఉంటుంది, కానీ మనకి కావలసినదాంట్లో కొంత అందులోంచి ముందే వెళ్లిపోయింది. లేబుల్ మీద "ఫ్రెష్ ఫ్రోజెన్" అని ఉందా, క్రయో తీసినదని ఉందా చదివి తీసుకోవాలి.

క్రయోని 37 డిగ్రీల నీళ్లలో కరిగిస్తారు. కరిగాక ఆరు గంటల్లోపు ఎక్కించాలి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. అందుకని బిడ్డకి నరం దొరికి లైను పెట్టాకే కరిగించమని కబురు పంపడం మంచిది. నరం దొరకక గంటలు గడిస్తే సంచి వృథా. ఫిల్టరున్న రక్తం సెట్టుతోనే ఎక్కించాలి, మామూలు సెలైన్ సెట్టుతో కాదు. సంచి గోడలకి అంటుకున్నది వదిలేస్తే మోతాదు తగ్గుతుంది, చివర్లో కాస్త సెలైన్ పోసి కడిగి అదీ ఎక్కించాలి. మొదటి పదిహేను నిమిషాలు మెల్లగా, పక్కనే ఉండి చూడాలి. దద్దుర్లు, వణుకు, జ్వరం, ఆయాసం ఏది కనిపించినా ఆపి నర్సుని పిలవాలి. సంచి పారేయకూడదు, బ్లడ్ బ్యాంకుకి తిరిగివ్వాలి. దాత రక్తానికి పరీక్షలు చేసినా క్రయోలో వైరస్‌లని చంపే ప్రక్రియ సాధారణంగా ఉండదు. హెపటైటిస్ బి టీకా పూర్తిగా వేయించి, హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి పరీక్షలు ఏటా చేయిస్తూ ఉండాలి.

తేదీలు నెల లెక్కన కాదు, 28 రోజుల లెక్కన పెట్టుకోవాలి. నెల లెక్కన పోతే 31 రోజుల నెలల్లో మెల్లగా జారిపోతుంది. ఆ రోజు సంక్రాంతి సెలవుల్లో పడితే రెండు రోజులు ముందే ఎక్కించుకోవాలి, ఆలస్యం ఎప్పుడూ వద్దు. ప్రతిసారీ బరువు చూపించి సంచుల లెక్క సరిచూసుకోవాలి. పిల్లలు ఎదుగుతారు, చీటీ మాత్రం పాత మోతాదుతోనే తిరుగుతూ ఉంటుంది.

ఇంట్లో

తలకి దెబ్బ తగిలితే వరస ఒకటే: ముందు ఫ్యాక్టర్, తర్వాత స్కాన్. బొప్పి కట్టింది, ఏడ్చి ఊరుకుంది, ఆడుకుంటోంది అని నిశ్చింతగా ఉండకూడదు. ఈ జబ్బులో రక్తం మర్నాడు మొదలవుతుంది. వాంతులు, మత్తుగా పడుకోవడం, పాలు తాగకపోవడం, మాడు ఉబ్బడం, చూపు ఒకేచోట నిలిచిపోవడం, ఫిట్స్ కనిపిస్తే అర్ధరాత్రయినా బయల్దేరాలి. జబ్బు పేరు, బ్లడ్ గ్రూపు, బరువు, చివరి మోతాదు తేదీ, "స్కాన్ కోసం ఆగకుండా క్రయో లేదా ప్లాస్మా ఇవ్వండి" అన్న డాక్టరు మాట ఒక కాగితం మీద సంతకంతో రాయించి పర్సులో ఉంచాలి. కొత్త ఊళ్లో డ్యూటీ డాక్టరుకి మన మాట కన్నా ఆ కాగితమే పనిచేస్తుంది.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఐబుప్రోఫెన్, మెఫినమిక్ ఆమ్లం, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లని పనిచేయనివ్వవు. పిల్లల జ్వరం సిరప్‌లలో చాలావాటిలో పారాసెటమాల్‌తో పాటు మెఫినమిక్ ఆమ్లమో ఐబుప్రోఫెనో కలిసి ఉంటుంది. సీసా వెనక చదవాల్సిందే. నోట్లో పన్ను ఊడి రక్తం వస్తుంటే గడ్డ కరగకుండా కాపాడే ట్రానెక్సామిక్ ఆమ్లం, కిలోకి 15 నుంచి 25 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు ఇస్తారు. మూత్రంలో రక్తం వస్తున్నప్పుడు అది ఇవ్వకూడదు, గడ్డ కట్టి మూత్రనాళం మూసుకుపోతుంది.

టీకాలు ఏవీ మానక్కర్లేదు. మోతాదు పడ్డ రెండు మూడు రోజుల్లో, సన్న సూదితో వేయించి, రుద్దకుండా ఐదు నిమిషాలకి తగ్గకుండా అదిమి పట్టాలి. పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టించడం కూడా అదే వారంలో పెట్టుకోవచ్చు. ముహూర్తం పంతులుగారు చెప్పినా తేదీ క్రయోని బట్టే. ముస్లిం ఇళ్లలో మగబిడ్డకి సున్తీ కూడా అంతే, ఫ్యాక్టర్ పడకుండా చేయించకూడదు.

ఆడపిల్లల విషయంలో ఇంకో రెండు మాటలు. పెద్దమనిషి అయ్యాక నెలసరి ఎక్కువ రోజులు పోవచ్చు, అండం విడుదలైనప్పుడు కడుపులో రక్తం చేరొచ్చు. నెల మధ్యలో పొట్ట పొడుచుకొస్తే గ్యాస్ అని వదిలేయకూడదు. పిల్లలు పుట్టరన్న మాట నిజం కాదు. ఫ్యాక్టర్ లేకుండా ఉంటే గర్భం మొదటి నెలల్లోనే పోతుంది. గర్భం తెలిసినప్పటి నుంచి మోతాదులు దగ్గర దగ్గరగా ఎక్కిస్తే నిలుస్తుంది, అలా బిడ్డల్ని కన్నవాళ్లు ఉన్నారు.

మేనరికం, సర్టిఫికెట్, తర్వాతి కాన్పు

మేనమామకి ఇచ్చి చేస్తే పుట్టే బిడ్డకి జన్యువుల్లో ఎనిమిదో వంతు రెండు వైపులా ఒకే మూలం నుంచి వచ్చి ఉండే అవకాశం ఉంటుంది. మేనబావ అయితే పదహారో వంతు. అందరికీ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు, వంశంలో దాగి ఉన్నది బయటపడే దారి పెరుగుతుందని. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (జబ్బు లేకుండా ఒక్కో చెడిన జన్యువు మోసేవాళ్లయితే) ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు అనే లెక్క తప్పు. ఏ వైపు నుంచి వచ్చిందన్న పంచాయితీ మా ఇళ్లలోనూ నడిచింది. రెండు వైపుల నుంచీ రాకపోతే జబ్బే ఉండదు, అక్కడితో ఆ వాదన అయిపోవాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, సికిల్ సెల్‌తో పాటు హీమోఫీలియా ఉంది. కానీ అందులో హీమోఫీలియాకి ఇచ్చిన నిర్వచనం సాధారణంగా మగవాళ్లకే వచ్చి, తల్లుల నుంచి కొడుకులకి సంక్రమించే జబ్బు అని. ఫ్యాక్టర్ 13 లోపం ఉన్న ఆడపిల్లని వికలాంగ సర్టిఫికెట్ కోసం తీసుకెళ్తే మెడికల్ బోర్డులో తల అడ్డంగా ఊపుతారు. ఈ నిర్వచనం మారాలన్నది నా గట్టి అభిప్రాయం. అప్పటిదాకా జబ్బు వల్ల కలిగిన నష్టం, అంటే తలలో రక్తస్రావం తర్వాత చెయ్యో కాలో చచ్చుబడటం, ఫిట్స్ లాంటివి ఉంటే వాటి కింద దరఖాస్తు చేయడం ఒక దారి.

తర్వాతి కాన్పుకి జన్యుతేడా కాగితం ఉంటే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించొచ్చు. గుర్తింపు ఉన్న జన్యుకేంద్రంలోనే చేయించాలి. పరీక్ష వద్దనుకుంటే కాన్పు మాత్రం బ్లడ్ బ్యాంకు ఉన్న ఆస్పత్రిలోనే జరగాలి. ఫోర్సెప్స్, వ్యాక్యూమ్ వాడొద్దని కేసు షీటు మీద ముందే రాయించాలి. పుట్టగానే బొడ్డుతాడు నుంచో నరం నుంచో సిట్రేట్ ట్యూబులో నమూనా తీయాలి, దాని తర్వాతే ఏ ప్లాస్మా అయినా. బిడ్డ గ్రూపు ముందుగా తెలియదు కాబట్టి ఏ గ్రూపుకైనా ఇవ్వగలిగే ఎ.బి. గ్రూపు క్రయో సంచి ఒకటి కాన్పు తేదీకి వారం ముందు నుంచే అట్టే పెట్టమని బ్లడ్ బ్యాంకుకి చీటీ ఇవ్వాలి. ఎ.బి. దాతలు తక్కువ, ఆ రోజు అడిగితే దొరుకుతుందన్న నమ్మకం లేదు.